లేదు అని రాసేటప్పుడు

షిఫ్టు ముగిసే వేళకు మేం సంతకం పెట్టే కాగితంలో సగానికి పైగా లేనివాటి గురించే ఉంటుంది. పంపు సీలు దగ్గర లీకు లేదు. బేరింగులో కొత్త చప్పుడు లేదు. కేబుళ్ల గదిలో కాలిన వాసన లేదు. డీజిల్ జనరేటరు గది నేల మీద నూనె లేదు. అంకెలూ ఉంటాయి. ప్రెషరు ఇంత, టెంపరేచరు ఇంత, ట్యాంకులో మట్టం ఇంత. అంకెలతో పేచీ లేదు. గేజి ఎదురుగా నిలబడి సరిగ్గా చూసి రాస్తే అయిపోతుంది. ‘లేదు’ అని రాయాల్సిన చోటే మనసు ఆగుతుంది. ఉన్నదాన్ని చూశానంటే దానికో అర్థముంది. లేనిదాన్ని చూశానని ఎలా అనడం? అనలేకపోతే ఆ కింద నా సంతకం దేనికి?

ఈ ప్రశ్నకు ట్రైనింగు పుస్తకాల్లో జవాబు దొరకలేదు. ఏం చూడాలో, ఎంతసేపటికోసారి చూడాలో అవి చెప్పాయి. లేదని తెలుసుకోవడం అంటే ఏమిటో చెప్పింది తర్కశాస్త్రం. ఐటీఐ చదివి పంపుల మధ్య తిరిగేవాడికి తర్కంతో పనేమిటని కొందరికి అనిపించవచ్చు. నాకైతే ఆ శాస్త్రం రాసినవాళ్లు ఎప్పుడో మా పని చేసే ఉంటారనిపించేంత దగ్గరగా తోచింది.

ముందు పని సంగతి చెప్పాలి. అణు విద్యుత్ కేంద్రంలో రియాక్టరును నడిపేది కంట్రోల్ రూములో ఉండే లైసెన్సున్న ఇంజనీర్లు. వాళ్లు ప్యానెల్ వదిలి రాకూడదు. ప్యానెల్ దాకా వెళ్లని సంగతులన్నీ మావి. అమెరికాలో ఈ ఉద్యోగాన్ని ఆగ్జిలరీ ఆపరేటర్ అంటారు, మన దగ్గర ఫీల్డ్ ఆపరేటర్. టర్బైను బిల్డింగు, పంపు హౌసు, స్విచ్‌గేర్ గదులు, డీజిల్ గదులు, రియాక్టరు బిల్డింగులో మనిషి వెళ్లదగిన చోట్లు షిఫ్టు షిఫ్టుకూ తిరిగి చూడాలి. కంట్రోల్ రూము నుంచి ఫోన్ చేసి ఫలానా వాల్వు తెరవమంటే ట్యాగు మీది నంబరు గట్టిగా చదివి, అవునని వాళ్లు మళ్లీ చెప్పాకే చక్రం మీద చెయ్యి వేయాలి. మరమ్మతుకిచ్చే పంపును కరెంటు నుంచీ నీళ్ల నుంచీ వేరు చేసి ట్యాగులు కట్టాలి, పనయ్యాక విప్పాలి. నేను పనిచేసినవి 220 మెగావాట్ల భారజల రియాక్టర్లు. రావత్‌భాటా, కల్పాక్కం, నరోరా, కాక్రపార్, కైగా, అన్నిచోట్లా ఈ రకానివి ఉన్నాయి. ఒక్కో రియాక్టరులో 306 అడ్డు గొట్టాలు, వాటి నిండా ఇంధనపు కట్టలు. ఆ కట్టలు తయారయ్యేది హైదరాబాదు న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్‌లో. భారజలం తయారయ్యే చోట్లలో మణుగూరు ఒకటి. మాది ఆ పక్క ఊరే. గోదావరి నీళ్లలో దాదాపు ఆరున్నర వేల హైడ్రోజన్ పరమాణువులకు ఒక్కటి బరువైనది ఉంటుంది. ఆ ఒక్కదాన్ని ఏరి ఏరి పోగు చేస్తారు.

పని ఎలా ఉంటుందో ఒక్కటి దగ్గర్నుంచి చూపిస్తాను. పంపు బేరింగు పక్కన రూపాయి బిళ్లంత గాజు కిటికీ ఉంటుంది. సైట్ గ్లాస్ అంటాం. నూనె మట్టం అందులో సగానికి ఉండాలి. వంగి చూడగానే సరిగ్గా సగానికి గోధుమరంగు గీత కనబడుతుంది. బాగుందని రాసి ముందుకు పోవచ్చు. కానీ నూనె ఏళ్ల తరబడి ఒకే మట్టంలో నిలిస్తే గాజుకు లోపలివైపు మరక పడుతుంది. నూనె అడుగంటినా ఆ గీత అక్కడే ఉంటుంది, గాజు పైదాకా నిండినా అక్కడే ఉంటుంది. అందుకని టార్చి ఎదురుగా కాకుండా పక్కనుంచి వేయాలి. నడుస్తున్న పంపయితే నూనె పైభాగం సన్నగా వణుకుతుంది, మరక వణకదు. ఆగి ఉన్న స్టాండ్‌బై పంపుకు ఆ ఆధారమూ లేదు. అప్పుడు టార్చిని మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తే, నూనె ఉన్నచోట వెలుతురు ఒక రకంగా, లేనిచోట ఇంకో రకంగా పడుతుంది. అయినా అనుమానం తీరకపోతే మెయింటెనెన్స్ వాళ్లను పిలిపించి కొద్దిగా నూనె పోయించి, మట్టం కదిలిందో లేదో చూడాలి. ఒక కిటికీకి ఇదంతా నిమిషం పని. కిటికీలు చాలా ఉంటాయి. తెల్లవారుజామున మూడింటికి, ఒళ్లు నిద్రకు లాగుతున్నప్పుడు, ఆ నిమిషం దగ్గరే మనిషి నిజాయితీ తేలుతుంది.

మా మావగారు ఓరియంటల్ కాలేజీలో సంస్కృతం చెప్పి రిటైరయినవారు. పెళ్లయిన కొత్తలో సెలవు మీద వెళ్తే అరుగు మీద పక్కన కూచోబెట్టుకుని అడిగారు.

“అల్లుడుగారూ, అక్కడ మీరు చేసే పనేమిటో నాకు అర్థమయ్యేలా చెప్పండి.”

“తిరిగి చూస్తానండీ మావయ్యగారూ. లీకులూ అవీ లేవని రాస్తాను.”

“ఉన్నప్పుడో?”

“ఉంటే వెంటనే ఫోన్ చేస్తానండీ. ఎక్కువ రోజులు లేవనే రాస్తాను.”

“లేవని మీకెలా తెలుస్తుంది?”

“చూస్తే కనబడవు కదండీ.”

“కనబడకపోతే లేనట్టేనా?” అని ఆయన లోపలికెళ్లి తర్కసంగ్రహం పట్టుకొచ్చారు.

ఆ పుస్తకం రాసిన అన్నంభట్టు పదిహేడో శతాబ్దపు తెలుగువాడు. తర్కం నేర్చుకునే పిల్లల్లో చాలామంది ఇప్పటికీ ఆ చిన్న పుస్తకంతోనే మొదలుపెడతారు. అందులో పదార్థాలు ఏడు అంటాడు. ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం. ఏడోది అభావం. లేకపోవడాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, దానికి మిగతావాటి సరసన చోటిచ్చిన ఆ ధైర్యం నన్ను కట్టిపడేసింది. అభావం మళ్లీ నాలుగు రకాలు. కుండ చేయకముందు కుండ లేకపోవడం ప్రాగభావం. పగిలిపోయాక లేకపోవడం ప్రధ్వంసాభావం. మూడు కాలాల్లోనూ లేకపోవడం అత్యంతాభావం. కుండ గుడ్డ కాదు, గుడ్డ కుండ కాదు అనేది అన్యోన్యాభావం. ప్రాగభావానికి మొదలు లేదు, ముగింపు మాత్రం ఉంది అని మావయ్యగారు చెప్పినప్పుడు నాకు మా లాగ్‌షీటే కళ్లముందు మెదిలింది. నేను రాసే ‘లేదు’లలో చాలావాటిని ఈ మొదటి రకంగానే చూడాలి. ఇంకా కారని సీలు. ఇంకా అరగని బేరింగు. ఇన్నేళ్లుగా కారలేదు గనుక ఇక కారదని అనుకున్న రోజున ప్రాగభావాన్ని అత్యంతాభావం అనుకున్నట్టు. మా వృత్తిలో ఇంతకన్నా ప్రమాదకరమైన పొరపాటు నాకు తెలియదు. సీలు అరగకముందే మార్చేస్తే ఆ లీకు ఎన్నటికీ రాదు కదా, అప్పుడు దాన్ని ప్రాగభావం అనొచ్చా అని అడిగాను. అనకూడదన్నారు, ఎందుకో ఒక పూటంతా చెప్పారు. మంచి పూట అది.

ఇక అసలు వివాదం. నేల మీద కుండ లేదు. ఈ సంగతి ఎలా తెలిసింది? కంటితోనే తెలిసిందంటారు నైయాయికులు, అంటే న్యాయశాస్త్రం వాళ్లు. నేలను చూసిన కన్నే ఆ లేకపోవడాన్నీ పట్టుకుంటుందట. కన్ను నేలను మాత్రమే చూపిస్తుంది, కుండ లేకపోవడాన్ని తెలిపేది అనుపలబ్ధి, అంటే కనబడకపోవడం, అనే వేరే ప్రమాణం (తెలుసుకునే సాధనం) అంటారు కుమారిలభట్టు దారి మీమాంసకులు, అద్వైతులు. ప్రభాకరుడి దారి వాళ్లు ఈ తగవునే ఒప్పుకోరు. అక్కడున్నది ఉత్త నేల, అభావమని ఇంకోటి లేదంటారు. మొదట్లో నాకు ప్రాభాకరుల మాటే న్యాయంగా తోచింది. నేను చూసేది ఉత్త నేలే కదా మరి.

కొత్తగా చేరిన ట్రైనీలను వెంట తిప్పడం మొదలయ్యాక ఆ అభిప్రాయం నిలవలేదు. పైపు కింద నిలబెట్టి, ఏం కనబడుతోందని అడుగుతాను. “ఏం లేద్సార్, అంతా క్లీనుగా ఉంది,” అంటాడు కుర్రవాడు. నేల మీది దుమ్ములో శనగగింజంత గుండ్రటి మచ్చ ఉంటుంది. ఎప్పుడో ఒక చుక్క పడి ఆరింది. తల పైకెత్తితే ఫ్లాంజి అంచున తెల్లగా పొక్కు కట్టి ఉంటుంది. నీరు పోయి, అందులోని ఉప్పు మిగిలింది. ఇద్దరం చూసింది ఒకే నేల. అతను ఉత్త నేలను చూశాడు. లీకు లేని నేలను చూడగల స్థితి అతనికింకా రాలేదు, ఎందుకంటే లీకు ఏ ఏ రూపాల్లో వస్తుందో అతనికి తెలియదు. దేన్ని లేదంటున్నామో దాన్ని తర్కంలో ప్రతియోగి అంటారు. ప్రతియోగి ఎరగనివాడికి అభావం తెలియదు. కుండ అంటే ఏమిటో తెలియని పసివాడు కుండ లేదని చెప్పలేడు. ఈ ఒక్క సూత్రంతో నా ఉద్యోగం నాకు బోధపడింది. నిప్పు లేదని రాయాలంటే నిప్పు మనసులో ఉండాలి. ఆవిరి గొట్టం పగలడం, నూనె మంటలు, పంపు షాఫ్టు విరగడం, అన్నీ మనసులో పెట్టుకునే ఆ గదిలో అడుగుపెట్టాలి. బయటివాళ్లకు మాది ఏమీ జరగని చోట. ఆ చోట తిరిగేవాడి లోపల మాత్రం జరగగలిగినవన్నీ వరుసగా కదులుతుంటాయి. భయపడేవాడు ఈ పని చేయలేడు. మరిచిపోయేవాడూ చేయలేడు. ఆ రెంటికీ మధ్య మనసును నిలుపుకోవడాన్ని నేను సాధన అనే అంటాను. పెద్ద మాటే అయినా తెలిసే వాడుతున్నాను.

కనబడకపోతే లేనట్టేనా అన్న మావయ్యగారి ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. దానికి జవాబు నాకు ముందే ఇంట్లో దొరికిందని తర్వాత తెలిసింది. మా బాబాయి మణుగూరు భారజల కర్మాగారంలో చేశాడు. 1991లో మొదలైన ఆ ప్లాంటులో మామూలు నీళ్లనుంచి భారజలాన్ని వేరు చేయడానికి హైడ్రోజన్ సల్ఫైడు వాయువు వాడతారు. కుళ్లిన గుడ్డు వాసన. రవ్వంత ఉన్నా ముక్కు పట్టేస్తుంది. మోతాదు బాగా పెరిగితే మాత్రం ముక్కు మొద్దుబారిపోతుంది, వాసనే తెలియదు. ఆ గాలిలో మనిషి ఎక్కువసేపు నిలవడు. నా చిన్నప్పుడు బాబాయి చెప్పేవాడు: “వాసనొస్తే భయపడరా. వస్తున్న వాసన టక్కున ఆగిందా, ఇంకేం ఆలోచించకుండా గాలికెదురు ఉరుకు.” వాసన రాకపోవడం ఒకచోట గ్యాసు లేదనడానికి సాక్ష్యం. ఇంకోచోట గ్యాసు చాలా ఎక్కువైందనడానికి సాక్ష్యం. ముక్కు చెప్పేది రెండుచోట్లా ఒకటే.

ఈ తేడాను మన తార్కికులు ఎప్పుడో పట్టుకున్నారు. కనబడకపోవడం ఊరికే ప్రమాణం కాదు, యోగ్యానుపలబ్ధి అయితేనే ప్రమాణం. ఉండి ఉంటే కనబడి తీరాల్సిన పరిస్థితిలో కనబడకపోవాలి. చీకటి గదిలో కుండ కనబడలేదంటే కుండ లేదని కాదు. దీపం ఉండాలి, కన్ను బాగుండాలి, చూపుకు అడ్డేదీ ఉండకూడదు. అప్పుడు కనబడకపోతేనే లేదనే హక్కు వస్తుంది. సైట్ గ్లాసు పక్కనుంచి టార్చి వేయడం ఆ హక్కును సంపాదించుకోవడమే. నేల మీద నీటి చుక్క కనబడితే దాన్ని తుడిచి వెళ్లకుండా శాంపిల్ పట్టి కెమిస్ట్రీ ల్యాబుకు పంపడమూ అంతే. ఏసీ గొట్టానికి పట్టిన చెమట, మామూలు నీళ్లు, భారజలం, మూడూ కంటికి ఒకేలా ఉంటాయి. రేడియేషన్ దగ్గరైతే మన ఇంద్రియాల్లో ఒక్కదానికీ యోగ్యత లేదు. అందుకే ఛాతీ మీద రేడియేషన్ మోతాదు కొలిచే టీఎల్‌డీ బ్యాడ్జి, చేతిలో మీటరు, ట్రిటియం ఒంట్లోకి పోయిందేమోనని మూత్ర పరీక్ష. ఇక్కడ మన ఒళ్లు చెప్పేది నమ్మకూడదని మొదటి రోజే నేర్పుతారు.

రేడియేషనూ కనబడదు, దేవుడూ కనబడడు, రెండూ ఉన్నాయి అని క్యాంటీనులో ఒక మాట తిరుగుతుంటుంది. అనేవాళ్లు భక్తితోనే అంటారు. నాకు మాత్రం అది సరిపడదు. రేడియేషన్‌కు మీటరుంది, మీటరుకు కేలిబ్రేషన్ ఉంది. కంటికి అందకపోయినా ప్రమాణానికి అందుతుంది. దేవుణ్ణి ఆ వరుసలో కూచోబెడితే రేపెవడైనా మీటరేదని అడుగుతాడు. ఈ ప్రశ్నను సూటిగా ఎదుర్కొన్నవాడు ఉదయనాచార్యుడు. వెయ్యేళ్ల కిందట మిథిలలో ఉండి న్యాయకుసుమాంజలి రాశాడు. కనబడడు గనుక ఈశ్వరుడు లేడన్న వాదానికి ఆయన చెప్పిన సమాధానం యోగ్యానుపలబ్ధి మీదే నిలిచింది. చూడదగిన వస్తువు కనబడకపోతేనే అది లేదని తేలుతుంది. ఈశ్వరుడు కంటికి యోగ్యుడే కాడు, కాబట్టి కనబడకపోవడం ఆయన లేడనడానికి చాలదు. ఈశ్వరుడున్నాడని ఆ ఒక్క వాదంతోనే తేలిపోదని ఉదయనుడికీ తెలుసు, అందుకు వేరే యుక్తులు చెప్పాడు.

నేను దేవుణ్ణి నమ్మేవాణ్ణి. నైట్ షిఫ్టుకు బయల్దేరే ముందు దండం పెట్టుకోకుండా గడప దాటింది లేదు. అయినా ఉదయనుడి మాట రెండువైపులా పదునున్నదని నా అభిప్రాయం. ఏళ్ల తరబడి ప్రమాదం జరగలేదు, చూశారా దేవుడి దయ అనేవాళ్లున్నారు. ప్రమాదం లేకపోవడాన్ని మాత్రమే చూపి దేవుడున్నాడనడం, కనబడకపోవడాన్ని మాత్రమే చూపి లేడనడం, రెండూ టార్చి వేయకుండా రాసిన రాతలే. నా దండం ఆ లెక్కలోనిది కాదు. ఆ రాత్రి నా చూపు తప్పకుండా ఉండాలని కోరుకుంటాను. ఆ కోరిక వినేవారున్నారని నమ్ముతాను. సాక్ష్యం చూపించమంటే నా దగ్గర లేదు.

ఏమీ జరగకుండా ఉండటానికి చేసే పనికి ఫలమేమిటి? ఈ ప్రశ్న మావయ్యగారి సంధ్యావందనం చూసినప్పుడల్లా వచ్చేది. స్వర్గం కావాలంటే ఒక యాగం, వాన కావాలంటే ఒక యాగం. ఆ కర్మలకు ఫలం ఉంది. సంధ్యావందనం నిత్యకర్మ. చేస్తే ప్రత్యేకంగా వచ్చేదేమీ లేదు, చేయకపోతే ప్రత్యవాయం, అంటే దోషం వస్తుందని మీమాంసకులు చెబుతారు. మా రౌండ్లు ఇలాంటివే. తిరిగితే కరెంటు ఒక్క యూనిట్టు ఎక్కువ రాదు.

శంకరాచార్యులు గీతాభాష్యంలో ఈ ప్రత్యవాయం మాటకు అడ్డుపడ్డారు. చేయకపోవడం అభావం. అభావం నుంచి దోషమనే భావవస్తువు ఎలా పుడుతుంది? లేనిదాంట్లోంచి ఉన్నది పుట్టదు కదా. మొదటిసారి ఇది విన్నప్పుడు నాలోని ఆపరేటరు ఎదురు తిరిగాడు. రౌండు తిరగకపోతే ఏమవుతుందో మాకు తెలియదా? చాలాకాలం ఈ మాటను నలుపుకున్నాక, డేవిస్-బెస్సి సంగతి చదివినప్పుడు శంకరుల మాట కొత్తగా కనబడింది.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని రియాక్టరు అది. అక్కడ కూలెంటు నీళ్లలో బోరిక్ ఆమ్లం కలుపుతారు. రియాక్టరు పాత్ర మూతకు దిగిన ఒక గొట్టంలో పగులు పడి, ఆ నీరు కొద్దికొద్దిగా బయటికొస్తూ, మూత పైన ఉక్కును తినేసింది. 2002లో మరమ్మతులప్పుడు చూస్తే ఆరంగుళాల పైచిలుకు మందమున్న ఉక్కు ఒకచోట పూర్తిగా పోయి, లోపలివైపు సెంటీమీటరుకు మించని స్టెయిన్‌లెస్ పొర ఒక్కటే ఒత్తిడినంతా ఆపుతూ ఉంది. అది రాత్రికి రాత్రి జరిగింది కాదు. రేడియేషన్ మానిటర్ల ఫిల్టర్లు తుప్పురంగు పొడితో పదేపదే పూడుకుపోతూ ఉంటే మార్చుతూ వచ్చారు. మూతను చూడటానికున్న సందులు చిన్నవి, వాటినీ పేరుకుపోయిన బోరాన్ మూసేసింది. అంటే చూపుకు యోగ్యత లేదు. ఆ చూపుతో లేదనే హక్కూ లేదు.

అక్కడ ఉక్కును తిన్నదేమిటి? ఆమ్లం. చూడకపోవడం ఒక్క రవ్వ ఉక్కునూ తినలేదు. శంకరులు అన్నది అదే, అభావం ఏమీ చేయదు. ఇనుము విషయంలో ఆయన మాట నూటికి నూరుపాళ్లూ నిజమని ఇప్పుడు ఒప్పుకుంటాను. మరి దోషం ఎక్కడుంది? ఇక్కడ నేను నా పనిలోంచి ఒక మాట చేరుస్తాను. రౌండు తిరగకపోవడం అభావమే. తిరగకుండా తిరిగానని రాయడం మాత్రం అభావం కాదు. కలం పట్టుకుని, అక్షరం దిద్ది, టైము వేసి, సంతకం చేసి, లోకంలోకి కొత్తగా తెచ్చిన వస్తువది. అది పని చేస్తుంది. కంట్రోల్ రూము దాన్ని చదువుతుంది, నమ్ముతుంది, నమ్మి ఇంకెవర్నీ అక్కడికి పంపదు. తర్వాతి షిఫ్టువాడు నిన్న బాగుందనుకుని చూపు తిప్పుకుంటాడు. అమెరికాలో కొన్ని స్టేషన్లలో నియంత్రణ సంస్థ వాళ్లు తలుపుల కార్డు రికార్డులనూ లాగ్‌షీట్లనూ పక్కపక్కన పెట్టి చూసి, అడుగే పెట్టని గదులను చూసినట్టు రాసిన ఆపరేటర్లను పట్టుకున్నారు. అక్కడ ప్రమాదాలేమీ జరగలేదు కదా అనే వాదనను నేను ఒప్పుకోను. దోషం అప్పటికే జరిగిపోయింది, కాగితం మీదే జరిగింది. రౌండుకు వెళ్లలేకపోయినవాణ్ణి నేను క్షమించగలను. వెళ్లినట్టు రాసినవాడితో కలిసి షిఫ్టు చేయలేను.

మరి ఫలం? 1993 మార్చి 31న నరోరాలో టర్బైను బ్లేడ్లు విరిగాయి. ఆ అదురుకు హైడ్రోజన్ బయటికొచ్చి మంటలు లేచాయి. కేబుళ్లు కాలి, స్టేషను మొత్తానికి కరెంటు పోయింది. పొగ కమ్మి కంట్రోల్ రూము వదిలి రావాల్సి వచ్చింది. రియాక్టరును ఆపేశారు, కానీ ఆపిన క్షణాన కూడా దాని పూర్తి వేడిలో సుమారు ఆరు శాతం మిగిలే ఉంటుంది. గంటలు గడిచేకొద్దీ తగ్గుతుందే తప్ప ఆగమంటే ఆగదు. అక్కడి మనుషులు డీజిల్‌తో నడిచే ఫైరు పంపులతో స్టీమ్ జనరేటర్లకు నీళ్లందించారు. రియాక్టరు మళ్లీ రాజుకోకుండా బోరాన్ ద్రావణం వదలడానికి కొందరు టార్చిలైట్లు పట్టుకుని రియాక్టరు బిల్డింగు పైకెక్కి చేత్తో వాల్వులు తెరిచారు. కరెంటు దాదాపు పదిహేడు గంటలు లేదు. ఒక్కరికీ మోతాదుకు మించి రేడియేషన్ తగల్లేదు, బయటికి ప్రమాదకరంగా ఏదీ పోలేదు. యాగం ఈ రోజు చేస్తే ఫలం ఎప్పుడో వస్తుంది, మధ్యలో దాన్ని మోసేది అపూర్వం అనే కనబడని శక్తి అని మీమాంసకులు అంటారు. వేదకర్మల్లో అది ఎంత నిజమో చెప్పే చదువు నాకు లేదు. చీకట్లో, పొగలో, ఏ మెట్టు తర్వాత ఏ మలుపో, ఏ వాల్వు ఎత్తు ఎంతో ఒంటికి తెలిసి ఉండటం మాత్రం ఒక్కరోజులో వచ్చేది కాదు. ఫలం లేదనుకున్న రౌండ్లే ఆ కాళ్లలో చేరి ఉంటాయని నా నమ్మకం.

మావయ్యగారితో చివరిదాకా నడిచిన చర్చ శబ్దప్రమాణం మీద. నమ్మదగినవాడి మాట కూడా ప్రమాణమే అంటుంది న్యాయశాస్త్రం. అలాంటివాణ్ణి ఆప్తుడంటారు, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాడు. న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు ఆప్తుడి లక్షణం ఋషికైనా, ఆర్యుడికైనా, మ్లేచ్ఛుడికైనా ఒకటే అన్నాడు. మావయ్యగారు ఆ సంగతి చెప్పినప్పుడు నా కళ్లు చెమర్చాయి. పుట్టుకా చదువూ అక్కడ లెక్కకు రావు. చూశాడా, చూసింది చూసినట్టు చెప్పాడా, అంతే. ప్యానెల్ ముందు కూర్చున్న ఇంజనీరుకు ఆ మూల పంపు ఎలా ఉందో తెలిసేది నా మాటతోనే. ఆ విషయంలో ఆయనకు నా రాతే శ్రుతి.

ప్యానెల్ మీద దీపాలున్నాయి కదా, మనిషి మాట ఎందుకని అనుకోవచ్చు. 1979 మార్చి 28 తెల్లవారుజామున అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణు కేంద్రంలో దీపాలూ ఉన్నాయి. ఒత్తిడిని వదిలే వాల్వు ఒకటి తెరుచుకుని, మళ్లీ మూసుకోక ఇరుక్కుపోయింది. ప్యానెల్ మీద దీపం మాత్రం ఆరింది. ఆ దీపానికి తెలిసింది మూసుకోమని వాల్వుకు ఆజ్ఞ వెళ్లిందని మాత్రమే. వాల్వు మూసుకుందా లేదా అన్నది దానికి అందే ఏర్పాటే లేదు. రెండు గంటల పైన నీరు అలా పోతూనే ఉంది. అదే రోజు అత్యవసర ఫీడ్ నీటి దారిలో తెరిచి ఉండాల్సిన రెండు వాల్వులు మూసి ఉన్నాయి, ఆ సంగతి ఎనిమిది నిమిషాల తర్వాత గానీ బయటపడలేదు. వాటిని సూచించే దీపాల్లో ఒకదాన్ని పక్కనే వేలాడుతున్న మరమ్మతు ట్యాగు కప్పేసిందని విచారణలో తేలింది. దీపం అబద్ధం చెప్పలేదు. తనకు తెలిసినంతే చెప్పింది. వాల్వు కాండం పైకి లేచి ఉందా, కిందికి దిగి ఉందా అని వెళ్లి చూసి చెప్పగలిగింది మనిషే.

ఇప్పుడు ట్రైనీలకు నేను పట్టుబట్టి నేర్పేది ఒకటుంది. ఉంది, లేదు, ఈ రెండే కాదు, మూడోది కూడా రాయొచ్చు: చూడలేకపోయాను. కుర్రవాళ్లకు ఇది రాయడం నామోషీ. పని చేతకాలేదంటారేమోనని భయం. అందుకే చాలామంది మూడోదాన్ని రెండోదాంట్లో కలిపేస్తారు. చూడలేకపోయినది ‘లేదు’గా మారే చోటు అదే. మొన్నీమధ్య ఒక కుర్రవాడు షిఫ్టు మధ్యలో వచ్చి, “సార్, ఆ పైలైను వాల్వు కింద పరంజా కట్టేశారు. గ్లాండు కనబడట్లేదు. ఏం రాయమంటారు?” అని అడిగాడు. గ్లాండంటే వాల్వు కాండం చుట్టూ నీరు కారకుండా బిగించిన చోటు. కనబడలేదనే రాయమన్నాను. టైము వేసి, పరంజా అడ్డం ఉంది, గ్లాండు చూడలేకపోయాను అని రాశాడు. షిఫ్ట్ ఇన్‌చార్జ్ అది చదివి, ఎందుకని అడగకుండా, పరంజా వాళ్లతో మాట్లాడి రెండు పలకలు తీయించి, నిచ్చెన ఇచ్చి ఇంకొకర్ని తోడు పంపారు. ఇద్దరూ ఎక్కి టార్చి వేసి గ్లాండు చుట్టూ చూశారు, వేలితో తడిమారు, తడి లేదు. కుర్రవాడు దిగొచ్చి, పై వరుసను కొట్టేయకుండా, దాని కిందే కొత్త టైముతో గ్లాండు దగ్గర లీకు లేదని రాసి సంతకం పెట్టాడు.